పొగ రాని రోజు

కిందటి నెలలో రాయపూర్ నుంచి ఒక పెద్దమనిషి భిలాయి నెహ్రూ నగర్‌లోని మా ఇంటికి వచ్చాడు. పాత కార్లు కొని, బాగు చేయించి, షెడ్డులో వరసగా నిలబెట్టుకునే సరదా ఉన్న మనిషి. సుపేలాలో ఎవరో "ఆ తెలుగు అమ్మగారిని అడగండి, వాళ్ళకి ఒకప్పుడు అలాంటి బండి ఉండేదట" అని పంపించారట. మంచినీళ్ళు తాగి, ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. తుప్పు పట్టిన ఇంజిను, పైమూత తీసి ఉంది. "చూడండి, ఇందులో వాల్వులు లేవు, స్ప్రింగులు లేవు. ఎవరో పీక్కుని అమ్ముకున్నారు" అన్నాడు హిందీలో, తన ఇంట్లోనే దొంగలు పడ్డంత బాధగా. నేను కళ్ళజోడు పెట్టుకుని ఫోటోను పెద్దది చేసి చూశాను. పిస్టనుకూ సిలిండరు గోడకూ మధ్య సన్నటి అంచులు రెండు, గిన్నెలో గిన్నె పెట్టినట్టు. "ఎవరూ ఏమీ పీకలేదండీ. మీరు వెతికే రకం వాల్వులు దీనికి పుట్టుకతోనే లేవు. ఈ తొడుగులే దీని వాల్వులు. స్లీవ్ వాల్వ్ ఇంజిను ఇది. నడిపితే సడి ఉండదు, పొగ మాత్రం ఉంటుంది" అన్నాను. ఆయన నన్నూ, నా నేత చీరనూ, గోడమీద మా తాతగారి పటాన్నీ మార్చి మార్చి చూశాడు. ఇదంతా మీకెలా తెలుసని అడగబోయి ఆగిపోయాడు. అడిగినా చెప్పేదాన్ని కాదేమో. ఆయన వెళ్ళాక చాలాసేపు కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. ఎక్కడినుంచో కాలిన నూనె వాసన, దానితోపాటు పసుపూ నెయ్యీ కలిపిన బియ్యం వాసన వచ్చినట్టయింది. ఆ రెండు వాసనలూ నా బతుకులో ఒకేచోట కలిసింది ఒక్క రోజే.

మాది విజయనగరం వైపు ఒక చిన్న జమీ. పడిపోయిన కుటుంబం అని ఎవరైనా అంటే ఇప్పటికీ నా వెన్ను నిటారవుతుంది. పడిపోవడమంటే చూసుకోకుండా పడడం. మేం చూసుకుంటూనే ఒక్కొక్క మెట్టూ దిగివచ్చాం. జమీ ప్రభుత్వానికి వెళ్ళింది, మేడ దావాల్లో వెళ్ళింది, తివాచీలూ నిలువుటద్దాలూ ఎటు వెళ్ళాయో నాకు ఊహ తెలిసేనాటికే ఇంట్లో ఎవరూ మాట్లాడడం మానేశారు. భిలాయిలో ఉక్కు కర్మాగారం లేస్తున్న రోజులవి. నాన్నగారికి అక్కడ లారీల విభాగంలో సూపర్వైజరు ఉద్యోగం దొరికింది. బయలుదేరేముందు తాతగారు ఒక్కటే అడిగారు. అడిగారు అనకూడదు, చెప్పారు. "నేను వస్తాను. బండి కూడా వస్తుంది." అలా మా కారు గూడ్సు రైలెక్కి దుర్గ్ స్టేషనులో దిగింది. తాతగారి నాన్నగారు తెల్లదొరల సీమ నుంచి ఓడలో తెప్పించిన బండి అది. నల్లగా, పొడుగ్గా, ఇత్తడి దీపాలతో, రేడియేటరు నెత్తిమీద దువ్వెన పళ్ళలాంటి గాడులతో ఉండేది. ఉద్యోగుల సెక్టారులో మాకిచ్చిన క్వార్టరుకి రెండు గదులూ ఒక వరండా. బండి ఆ వరండా కన్నా పొడుగు. నాన్నగారు వెదురు తడికలూ రేకులూ వేసి పక్కన ఒక పాక కట్టించారు. ఎవరైనా మా ఇంటికి దారి అడిగితే "రాజాసాబ్ కా గ్యారేజ్ పూఛో, ఉస్కే బగల్ మే ఘర్ హై" అని చెప్పేవారు. గ్యారేజీ పక్కన ఇల్లు ఉండేది తప్ప, ఇంటి పక్కన గ్యారేజీ కాదు.

తాతగారి ఉదయాలు నాకిప్పటికీ కలలో వచ్చినట్టు వస్తాయి. కర్మాగారం భోంపూ మోగే వేళకి ఆయన స్నానం, సంధ్య అయిపోయేవి. తెల్లటి పంచె మీద మోచేతుల దగ్గర పలచబడిన నల్లకోటు వేసుకుని, పాకలోకి వెళ్ళి బానెట్ ఎత్తేవారు. నూనె పోయడానికి ఒక ఇత్తడి చెంబు, వడకట్టడానికి మా నాయనమ్మ పాత చీర చెంగు ముక్క. ఆ నూనె చెంబును అమ్మ వంటింట్లోకి రానిచ్చేది కాదు, ఆయన బయట పెట్టనిచ్చేవారు కాదు. చివరికి అది దేవుడి గూటి కింద మెట్టుమీద ఉండేది, ఎవరూ ఓడిపోకుండా. ఆదివారం మాత్రం బండిని లేపేవారు. నాన్నగారు ముందర నిలబడి హాండిల్ తిప్పితే ఇంజిను అందుకునేది. అందుకుందని ఎలా తెలిసేదంటే శబ్దం వల్ల కాదు. శబ్దం ఉండేది కాదు. బానెట్ మీద తాతగారు నిండు గ్లాసు నీళ్ళు పెట్టేవారు. నీటి పైన చిన్న వణుకు, అంతే. తలుపు సందులోంచి గాలి వచ్చినప్పుడు దీపం వణికినట్టు. వెనక్కి వెళ్ళి చూస్తే గొట్టంలోంచి నీలంగా పొగ. బద్ధకంగా, మెలికలు తిరుగుతూ, పాక దాటి, పెరటి గోడ దాటి, ఆరేసిన బట్టల మధ్యనుంచి నడిచివెళ్ళేది. సాయంత్రాలు భిలాయి అంతా బొగ్గు పొయ్యిల పొగే. ఆ పొగ కళ్ళు మండించేది. మా బండి పొగ మండేది కాదు. అందులో ఏదో తియ్యటి మత్తు ఉండేది. నేను వరండా స్తంభానికి ఆనుకుని దాన్ని పీలుస్తూ నిలబడేదాన్ని. "వంట చేసేది నేను, పొగ పెట్టేది మీ తాతగారు" అని అమ్మ బట్టలు లాక్కుంటూ గొణిగేది.

ఆ బండి గుట్టు తాతగారు నాకు చెప్పినంత ఓపికగా మరెవరికీ చెప్పలేదు. మామూలు ఇంజినులో పుట్టగొడుగుల్లాంటి వాల్వులు స్ప్రింగుల మీద ఎగిరిపడుతూ ఉంటాయట. ఆ టకటకే మనం వినే శబ్దం. మా బండిలో అవి లేవు. పిస్టను చుట్టూ ఇనుప తొడుగులు రెండు, ఒకదానిలో ఒకటి, కిందికీ మీదికీ జారుతూ ఉంటాయి. తొడుగులకు కిటికీలు కోసి ఉంటాయి. రెండిటి కిటికీలూ ఎదురుపడినప్పుడు గాలి లోపలికి వస్తుంది, మళ్ళీ ఎదురుపడినప్పుడు పొగ బయటికి పోతుంది. "కొట్టుకోవడం లేదు, తన్నుకోవడం లేదు. జారడమే. అందుకే మాట వినబడదు" అనేవారు. జారాలంటే నూనె కావాలి. ఇంజిను అడుగున నూనె తొట్లు ఉంటాయి. యాక్సిలరేటర్ నొక్కినకొద్దీ ఒక కడ్డీ ఆ తొట్లను పైకి లేపుతుంది. పిస్టన్ల కింద ఉన్న చిన్న గరిటెలు వాటిలో మునిగి తొడుగుల మీదికి నూనె చిమ్ముతాయి. చిమ్మిన నూనెలో కొంత కాలుతుంది. కాలినది పొగ అవుతుంది. "పొగ వస్తున్నదంటే లోపల తడి ఉన్నట్టు, అమ్మడూ. పొగ దాని ఊపిరి" అనేవారు.

విమానాల సంగతి కూడా అప్పుడే విన్నాను. యుద్ధకాలంలో మా ఊరి దగ్గరి మైదానంలో దిగిన తెల్లవాళ్ళ విమానాలకు ఇలాంటి తొడుగుల ఇంజినులే ఉండేవట. మరమ్మతు చేసే ఆఫీసర్లతో తాతగారు స్నేహం కట్టి, మా బండి బానెట్ ఎత్తి వాళ్ళకి చూపించి, వాళ్ళ ఇంజిను ఆయన చూసి వచ్చారట. విమానంలో తొడుగు ఒక్కటే, అది కిందికీ మీదికీ పోతూనే అటూ ఇటూ మెలితిరుగుతుందట. చెయ్యి పెట్టి సీసా మూత తిప్పుతున్నట్టు గాలిలో తిప్పి చూపించేవారు. మునిమాపువేళ వరండాలో మడత కుర్చీలో కూర్చుని, రాయపూర్ వైపు పోయే విమానం చప్పుడు వినబడితే కళ్ళు మూసుకునేవారు. ఎక్కువసార్లు "డకోటా. టకటకల బండి" అని పెదవి విరిచేవారు. ఎప్పుడో గాని రానిది ఒకటి ఉండేది. పొట్టిగా, బొద్దుగా, కడుపు కిందికి జారిన పావురంలా ఉండేది. దాని చప్పుడు చప్పుడులా ఉండేది కాదు, పట్టుచీర మడత విప్పినట్టు ఉండేది. అప్పుడు తాతగారు కళ్ళు తెరవకుండానే చెయ్యెత్తి "అదుగో, మనవాడు" అనేవారు. కర్మాగారంలో కరిగిన ఇనుప చిట్టెం పారబోసినప్పుడల్లా ఆకాశం ఎర్రబడేది. ఆ ఎరుపులోంచి ఆ విమానం వెళ్ళిపోయేది. ఆకాశంలో కూడా మాకు చుట్టాలున్నారని నేను నమ్మేదాన్ని.

ఊరు మాత్రం పొగనే చూసేది. ఎదురింటి సర్దార్జీ మంచివాడే గాని గొంతు పెద్దది. బండి వీధిలోకి రాగానే "అరే రాజాసాబ్, ధువా హీ ధువా! ఇంజన్ ఖతమ్!" అని కేకవేసేవాడు. పిల్లలు వెనక పరిగెత్తుతూ దగ్గు నటించేవాళ్ళు. తాతగారు వెనకసీటులో నిటారుగా కూర్చుని టోపీ అంచు తాకి సర్దార్జీకి నమస్కారం చేసేవారు, పొగడ్త అందుకున్నట్టు. నలిగిపోయేది నాన్నగారు. పగలంతా లారీల మధ్య ఉండే మనిషి. ఆయన లెక్కలో నీలం పొగ అంటే రోగం. "రింగులు అరిగిపోయాయేమోనండీ, విప్పి చూద్దాం" అనేవారు. "అరగలేదురా" అనేవారు తాతగారు. "మనకి తెలుసండీ. చూసేవాళ్ళకి తెలియదు కదండీ." "చూసేవాళ్ళ కోసం బండి ఊపిరి ఆపమంటావా?" అక్కడితో మాట ఆగిపోయేది. వాళ్ళిద్దరి మధ్య ఆ రోజుల్లో ఏ మాటైనా అంతదూరమే వెళ్ళేది. నాన్నగారు దీన్ని తన అవమానంగా పట్టించుకోలేదు. తండ్రి నలుగురిలో నవ్వులపాలు కావడం ఆయన చూడలేకపోయారు. జమీ నిలబెట్టలేకపోయినవాణ్ణి, కనీసం దీన్నైనా ఆపలేకపోతున్నానే అని ఆయన మొహంలో రాసి ఉండేది.

అలా ఉండగా ఒక ఆదివారం, కర్మాగారం కూలీలుండే క్యాంప్ 2 నుంచి గంగులు వచ్చాడు. మా జమీ పల్లెలోని మనిషే, కర్మాగారంలో కాంట్రాక్టు పనికి వచ్చి స్థిరపడ్డాడు. చెప్పులు గేటు బయటే విడిచి, వరండా మెట్టు కింద నిలబడ్డాడు.

"దండాలు బాబూ. నాను గంగుల్ని. ఏతం అప్పన్న కొడుకుని. తవరు గురుతట్టనేరు."

"అప్పన్న కొడుకువా? మీ నాన్న ఏతం తొక్కుతూ పాడితే రెండు ఊళ్ళకి వినబడేది. కూర్చోరా."

"కూకోడానికి రాలేదు బాబూ. మన ఊరోల్లం క్యాంపు టూలో శానా కొంపలున్నాం. ఈ యేడు రాములోరి పెల్లి సేత్తన్నాం. పందిరేసినాం, అయ్యగోరు దొరికినారు, మేళగాల్లు దుర్గునుంచి వొత్తారు. మరి పట్టుబట్టలేటి బాబూ? తలంబ్రాలేటి? అక్కడ తవరింటికాడినుంచే వొచ్చీవి గదా. ఇక్కడ బజార్లో కొనీసి ఎట్టీమంటే మాకు మనసొప్పట్లేదు."

తాతగారు పాక వైపు చూశారు. "అక్కడ నాకు జమీ ఉండేదిరా. ఇక్కడ కొడుకు ఇంట్లో ఉంటున్న ముసలివాణ్ణి."

"జమీ గవుర్మెంటోడు అట్టుకుపోనాడు గానీ, రాములోర్ని అట్టుకుపోలేదు గదా బాబూ!"

వంటింటి గుమ్మంలో అమ్మ నవ్వేసింది. తాతగారి మీసం కూడా కదిలింది.

"కారు మీదే రావాల. మా పిల్లలు సూల్లేదు. నూనె మీద నీల్లు జారినట్టు వొత్తాది, సప్పుడే ఉండదని మా అయ్య సెప్పీవోడు."

"పొగ సంగతి చెప్పలేదేమిటి మీ అయ్య?" అంది అమ్మ.

"దేవుడి కాడికెల్లే బండికి పొగ లేకపోతే ఎలగమ్మా? సాంబ్రాణనుకుంతాం!"

అది మా ఇంటి ఆచారం. తరతరాలుగా సీతారాముల కల్యాణానికి పట్టుబట్టలూ తలంబ్రాలూ మా ఇంటినుంచి వెళ్ళాలి, ఇంటి పెద్ద చేతుల మీదుగా, ముహూర్తానికి ముందు. పూర్వం పల్లకీలో, తరవాత ఆ బండిలో. జమీ పోయాక ఆగిపోయింది. భిలాయి వచ్చాక తాతగారిని ఎవరూ ఏదీ అడగలేదు. అదే మొదటిసారి. గంగులు వెళ్ళాక ఆయన కోటు విప్పి, మోచేతుల దగ్గర రఫూ చేయమని అమ్మకి ఇచ్చారు. అంతకుముందు ఎన్నిసార్లు అమ్మ అడిగినా ఇవ్వని కోటు.

నవమి ముందురోజు ఇల్లంతా పసుపు. అమ్మ వడ్లు గోటితో ఒలిచి, ఆ బియ్యానికి పసుపూ నెయ్యీ పట్టించి, వెండి పళ్ళెంలో పట్టుబట్టల పక్కన పోసింది. కాలం చేసిన నాయనమ్మ హారంలో మిగిలిన ముత్యాలు ఏవో అందులో కలిపింది. నాన్నగారు సెలవు పెట్టి బండి కడిగారు, ఇత్తడి దీపాలు చింతపండుతో తోమారు. తరవాత బండి కిందికి దూరారు. పాక బయటికి ఆయన కాళ్ళు మాత్రం కనబడుతూ ఉండేవి. తుడుస్తున్నారనుకున్నాను. నిజానికి ఆయన చేసింది, తొట్లను పైకి లేపే ఆ కడ్డీని కురచ చేయడం. యాక్సిలరేటర్ ఎంత నొక్కినా తొట్లు లేవకుండా, గరిటెలకు నూనె అంచు మాత్రమే తగిలేలా. ఒక్క పూట. సెక్టారు నుంచి క్యాంపు దాకా. అంత కొద్ది దూరానికి ఏమీ కాదనుకున్నారు. ఆ ఒక్క పూట తన తండ్రి ఈ ఊళ్ళో పొగ లేకుండా, నవ్వు లేకుండా వెళ్ళాలి. అంతకన్నా ఆయన కోరుకున్నది లేదు.

మర్నాడు బండి వీధిలోకి వచ్చినప్పుడు నాన్నగారు డ్రైవింగ్ సీటులో, నేను కొత్తగా వేసుకున్న ఓణీతో ఆయన పక్కన, తాతగారు వెనకసీటులో పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని. సర్దార్జీ గేటు దగ్గరికి వచ్చి కేకవేయబోయి, నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. తరవాత తలపాగా సవరించుకుని సెల్యూట్ కొట్టాడు. పిల్లలు పరిగెత్తారు గాని ఎవరూ దగ్గలేదు. వేప చెట్ల నీడలు బానెట్ మీదినుంచి జారిపోతున్నాయి. ఎండ అప్పుడే తెల్లబడుతోంది. బండి నేలను తాకుతున్నట్టు లేదు. ఇంజిను సడి లేదు, వెనక పొగ లేదు. మేమే లేమేమో, ఎవరో మమ్మల్ని కలగంటున్నారేమో అనిపించింది. మలుపు దగ్గర తాతగారు ఒకసారి వెనక అద్దంలోంచి చూశారు. తరవాత ముందుకి తిరిగి కూర్చున్నారు.

సుపేలా రైల్వే గేటు దగ్గర ఆగవలసి వచ్చింది. ముడి ఇనుము గూడ్సు, ఎంతకీ తోక కనబడని గూడ్సు. గేటుకి అవతల గంగులూ, సన్నాయి మేళమూ, క్యాంపు జనమూ మా కోసం ఎండలో నిలబడి ఉన్నారు. పెట్టెలకూ పెట్టెలకూ మధ్య సందుల్లోంచి వాళ్ళు కనబడి మాయమై, మళ్ళీ కనబడుతున్నారు. రైలు పోయి గేటు లేచింది. నాన్నగారు క్లచ్ వదిలి బండిని ముందుకు నూకారు. అప్పుడు ఇంజిను ఒక శబ్దం చేసింది. పెద్దది కాదు. ఎండు కొబ్బరి చిప్ప విరిగినట్టు ఒక్క చిటుకు, తరవాత ఇనుము ఇనుమును పట్టుకుని ఈడ్చిన కీచు. నాకు తెలిసి ఆ ఇంజిను చేసిన మొదటి శబ్దం అదే. చివరిదీ అదే.

నాన్నగారు దిగి హాండిల్ పట్టుకున్నారు. అది కదలలేదు. ఆయన రెండు చేతులూ దాని మీదే ఉండిపోయాయి. గంగులు పరిగెత్తుకొచ్చాడు.

"ఏటయింది బాబూ? తవరు దిగకండి. తోసీమంటే తోసెత్తాం, మందిమున్నాం."

"ముహూర్తం ఎంతలో ఉంది?" అన్నారు తాతగారు.

"అయ్యగోరు పీటలెక్కించీసినారు బాబూ."

"అయితే తోసే వేళ లేదు. తోసిన బండిలో దేవుడి బట్టలు వెళ్ళకూడదు కూడా. అమ్మడూ, ఇది పట్టుకో" అని పళ్ళెం నాకిచ్చి దిగారు. చెప్పులు బండిలోనే వదిలారు. పైపంచె చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుని, పళ్ళెం అందుకుని దానిమీద పెట్టుకున్నారు. నాన్నగారితో "నువ్వు బండి దగ్గర ఉండు. దాన్ని ఒంటరిగా వదలకు" అన్నారు. తరవాత నడిచారు. మా వంశంలో ఆ పళ్ళెంతో నడిచిన మొదటి మనిషి ఆయనే. ఒక చెయ్యి పళ్ళెం అంచున, రెండో చెయ్యి నా భుజం మీద. చెయ్యి బరువు వేయలేదు, ఆనించారంతే. పట్టాలు దాటేటప్పుడు మాత్రం వేళ్ళు బిగిశాయి. అవతల తారురోడ్డు మెత్తబడి పొంగుతోంది. జనం రెండు వైపులా జరిగి దారి ఇచ్చారు. సన్నాయి ఆగిపోయింది. "ఓలమ్మ ఓలమ్మ, బాబు కాల్లు కాలిపోతన్నాయి, నీల్లు పొయ్యండే!" అని ఒక ముసలమ్మ అరిచింది. ఆడవాళ్ళు బిందెలు తెచ్చి ఆయన అడుగుల ముందు నీళ్ళు కుమ్మరించడం మొదలుపెట్టారు. పోసిన నీళ్ళు పోసినట్టే ఆవిరై లేస్తున్నాయి. ఆ తెల్లటి ఆవిరిలో తాతగారు మడమల దాకా మునిగి నడుస్తున్నారు. వెన్ను వంగలేదు. సన్నాయి మళ్ళీ అందుకుంది.

జీలకర్ర బెల్లం పెట్టే క్షణానికి పళ్ళెం పందిట్లో ఉంది. గంగులు కుర్చీ తెచ్చాడు. తాతగారు దాన్ని పక్కకి జరిపి చాపమీద అందరితో కూర్చున్నారు. పానకం తాగారు. నాన్నగారు చాలా ఆలస్యంగా వచ్చి, చేతుల నిండా నల్లటి నూనెతో, పందిరి రాట వెనక నిలబడ్డారు. తాతగారు దోసెడు తలంబ్రాలు పైపంచెలో మూటకట్టి ఉంచారు. "చేతులు కడుక్కుని రా. నీ వంతు మిగిల్చాను" అన్నారు.

తరవాత సంగతి క్లుప్తంగా చెబుతాను. బండిని లారీ కట్టి ఇంటికి లాక్కొచ్చారు. చాలా ఆదివారాలు తండ్రీ కొడుకులు గోనె పట్టా మీద కూర్చుని ఇంజిను విప్పారు. అతుక్కుపోయిన తొడుగులు బయటికి తీసినప్పుడు నాన్నగారు వాటి కిటికీల్లోంచి వేలు పోనిచ్చి, ఏ కిటికీ ఏ కిటికీకి ఎప్పుడు ఎదురవుతుందో అడిగారు. తాతగారు చెప్పారు. నాన్నగారు మళ్ళీ అడిగారు. భోజనానికి అమ్మ పిలిచినా లేచేవారు కాదు. బండి నడిచినంతకాలం ఆ పాకలో బండి మాట్లాడలేదు, మనుషులూ మాట్లాడలేదు. బండి ఆగాక మనుషులు మొదలుపెట్టారు. కొత్త తొడుగులు ఎక్కడా దొరకవని తేలాక, తాతగారే ఆ ఇనుమును కర్మాగారం కొలిమికి ఇచ్చేయమన్నారు. అమ్ముకోలేదు, ఇచ్చేశాం. ఈ తేడా మా కుటుంబానికి ముఖ్యం.

ఇప్పుడు మా వీధిలో కార్లన్నీ చప్పుడు లేకుండానే వస్తాయి, పొగ లేకుండానే పోతాయి. కళ్ళు మూసుకుని ఇది ఫలానాది అని చెప్పగలిగేది ఒక్కటీ లేదు. క్యాంప్ 2 పందిరి సిమెంటు మండపమైంది. నవమికి పట్టుబట్టలు ఇంకా మా ఇంటినుంచే వెళతాయి, తాతగారి తరవాత నాన్నగారు, నాన్నగారి తరవాత నేను. నడిచే వెళతాను. గంగులు మనవడు ప్రతి ఏడూ "క్యోం దీదీ, ఈ ఎండలో ఎందుకు నడవడం, గాడీ పంపిస్తాం గదా" అంటాడు. బండి లేక నడుస్తున్నాననుకునేవాళ్ళు ఉన్నారు. అనుకోనివ్వండి. నాకు ఆ కాలం మంచిది, ఈ కాలం చెడ్డది అనే అలవాటు లేదు. ఆ కాలంలో మా ఇంట్లో ఒకరినొకరు ఎంత ప్రేమించుకునేవారో అంత తక్కువ చెప్పుకునేవారు. ఇప్పటివాళ్ళు చెప్పేసుకుంటారు. అది మెరుగే. కాని చెప్పకుండా చేసే పనుల బరువు ఇప్పటివాళ్ళకి తెలియదేమోనని అనిపిస్తుంది. ఎందుకలా అంటున్నానో తెలియాలంటే ఆ నవమి సాయంత్రం చెప్పాలి.

పందిరి నుంచి వచ్చాక అమ్మ తాతగారి అరికాళ్ళకి వెన్న రాసింది. ఆయన మడత కుర్చీలో కాళ్ళు చాపుకుని ఉన్నారు. బొగ్గు పొయ్యిల పొగ వీధిమీద దుప్పటిలా పరుచుకుంటోంది. నేను మెట్టుమీద కూర్చుని ఉన్నాను. నాన్నగారు వచ్చి కుర్చీ పక్కన నేలమీద కూర్చున్నారు. అలా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు.

"నాన్నగారూ, తొట్ల కడ్డీ నేనే తగ్గించానండీ."

"తెలుసు."

"ఇంజిను పట్టేశాక తెలిసిందా అండీ?"

"మన వీధి మలుపు తిరిగేటప్పుడు. వెనక పొగ లేదు."

"అప్పుడే ఆపమని ఉంటే బండి దక్కేది కదండీ. ఒక్క మాట అంటే ఆపేసేవాణ్ణి. ఎందుకు అనలేదు?"

ఆకాశం ఒకసారి ఎర్రబడి చల్లారింది.

"నువ్వు పాడుకుంటున్నావురా" అన్నారు తాతగారు. "స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేసుకుంటూ. ఈ ఊరొచ్చాక నీ నోట పాట వినలేదు."

పక్కనే కూర్చున్న నేను వీధి చూసే ధ్యాసలో ఆ పాట వినలేదు. నాన్నగారికీ తాను పాడినట్టు తెలియదు. ఆయన తల వంచుకుని "ఏం పాటండీ అది?" అని అడిగారు.

మా తాతగారికి గొంతు లేదు. శ్రుతి అంటే ఏమిటో కూడా తెలియదు. అయినా ఆయన కుర్చీలో కొంచెం ముందుకి జరిగి, వెన్ను నిలబెట్టుకుని, కొడుకు మరిచిపోయిన ఆ పాటను మెల్లగా, తప్పులతో, చివరిదాకా పాడి వినిపించారు.